ఊళ్ళో లేనివారు, తిరిగి వచ్చేవారు

గవ్వలపేట బ్రాంచి పోస్టాఫీసు,
8 జనవరి 2025

అనూకి,

నీ ఆఫీసు పంపిన ఫారాల కట్ట అందింది. చాలా రోజుల తర్వాత నా సంచిలో ఒక బరువైన కవరు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు మొన్న వచ్చి రిజిస్టరు తిరగేసి, "నెలకి పద్నాలుగు ఉత్తరాలేనా అమ్మా?" అని మూతి ముడుచుకుని వెళ్ళారు. ఇలాగే ఉంటే ఈ ఆఫీసుని ఎత్తేసి పక్క ఊళ్ళో కలిపేస్తారట. అందుకని ముందే చెబుతున్నాను, నాకు ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్తను. ఏం చెప్పాలన్నా స్టాంపు అంటించి చెప్పు. మీ అమ్మ పోయాక నిన్ను పెంచిన పిన్ని నిన్ను అడిగేది ఇదొక్కటే.

నువ్వు అడిగిన జనం లెక్క నాలుగు సాయంత్రాలు తిరిగి పూర్తి చేశాను. ఎవరి గడపలో ఎందరున్నారో ఈ ఊళ్ళో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? అయినా ఇంటింటికీ వెళ్ళాను. తులసి గ్యాస్ బండ ఇస్తారనుకుని అత్తగారి పేరు రెండుసార్లు చెప్పింది. ఎల్లాజీ తాత అయితే వల అల్లుతున్నవాడు తలెత్తకుండానే, "ఏటే ధనాలూ, తలకాయలు లెక్కెడతన్నావు? మమ్మల్ని ఎవడికైనా బేరం ఎట్టేసినావేటి?" అన్నాడు. నా అక్క కూతురు పెద్ద ఆఫీసులో మన ఊరికి మ్యాపు గీస్తోందని గొప్పగా చెప్పుకున్నాను.

మొత్తం 388 మంది. నీ ఫారంలో "ప్రస్తుతం ఊళ్ళో లేనివారు, తిరిగి వచ్చేవారు" అని ఒక గడి ఉంది కదా, దాన్నీ వదల్లేదు. అందులో ముప్పై ఒక్కరు. పేర్లూ ఇంటి నంబర్లూ వెనక కాగితంలో రాశాను. 388లో వాళ్ళూ కలిసే ఉన్నారు.

వేళకి తిను. ఎండు నెత్తళ్ళ చేపలు పంపమంటావా?

ముద్ర వేసి మరీ దీవిస్తూ,
ధనలక్ష్మి పిన్ని


విశాఖపట్నం,
21 జనవరి 2025

పిన్నీ,

స్టాంపు నాలుకతో తడిపి అంటించాను, నువ్వు చిన్నప్పుడు తిట్టినట్టే ఇప్పుడూ తిట్టుకో.

నీ లెక్క చూసి మా జగన్నాధం సార్ మెచ్చుకున్నారు. ఇంత శుభ్రంగా ఏ ఊరి ఫారమూ రాలేదన్నారు. మా పని ఏమిటో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల 2047 నాటికి ఎందరు ఉంటారో, ఎక్కడ ఉంటారో ముందుగా లెక్క కట్టాలి. ఈ రోజు ఉన్న జనం, పుట్టేవాళ్ళు, పోయేవాళ్ళు, పనికోసం వచ్చేవాళ్ళు, వెళ్ళేవాళ్ళు అందరినీ వేసి అంకె తేలుస్తాం. ఆ అంకె ఎక్కడ పెద్దగా ఉంటే అక్కడికి నీళ్ళ పైపు, రోడ్డు, బడి వెళతాయి. అందుకే మొదటి లెక్క తప్పితే తర్వాతివన్నీ తప్పుతాయి.

నీ ముప్పై ఒక్కరి దగ్గరే ఆగిపోయాను. దుబాయ్‌కో, పారాదీప్‌కో వెళ్ళినవాళ్ళనుకున్నాను. కాగితం తిప్పి చదివితే మూడో పేరు "గంగులు, ఇంటి నంబరు 47". మా నాన్న పేరు. మిగతావాళ్ళూ అంతే, ఎప్పుడో ఒకప్పుడు సముద్రంలోకి వెళ్ళి తిరిగి రానివాళ్ళు. పిన్నీ, నాన్న వెళ్ళి ఇరవై ఆరేళ్ళయింది. ఆ గడి అలాంటివాళ్ళ కోసం కాదు. నీ చేతిరాతలో ఆ పేరు చూసి చాలాసేపు ఏడ్చాను. తర్వాత ముప్పై ఒక్క పేర్లూ తీసేశాను. ఇప్పుడు మన ఊరి జనాభా 357.

కోపం తెచ్చుకోకు. నెత్తళ్ళు పంపు, ఇక్కడివి ఇసుకగా ఉంటున్నాయి.

నీ అనూ


గవ్వలపేట,
3 ఫిబ్రవరి 2025

అనూరాధకి,

కోపం తెచ్చుకోవద్దని రాశావు. తెచ్చుకున్నాను.

బెస్తవాళ్ళ ఇంట పుట్టి మరిచిపోయావా? సముద్రం మనిషిని ఒడ్డుకి చేర్చిందంటే కాలుస్తాం, కర్మ చేస్తాం, పేరు కొట్టేస్తాం. చేర్చలేదంటే ఆ మనిషి ఇంకా చేపల వేటలో ఉన్నట్టే. ఎన్నేళ్ళయినా వేటలోనే. మీ అమ్మ బొట్టుతోనే పోయింది, నువ్వే చూశావు. సాయంత్రం కాగానే గుమ్మం పక్కన చెంబుతో నీళ్ళు పెట్టేది. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గర నేను పెడుతున్నాను. ఉప్పు కాళ్ళతో వచ్చినవాడు కడుక్కుని కదా లోపలికి రావాలి? ఈ ఊళ్ళో అలాంటి గుమ్మాలు ముప్పై ఒకటి ఉన్నాయి. "తిరిగి వచ్చేవారు" అని మీ ఆఫీసే అచ్చు వేయించి అడిగింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఇంకొకటి గుర్తుచేస్తాను. ఏడేళ్ళప్పుడు నువ్వు మీ నాన్నకి కార్డులు రాసేదానివి. "గంగులు గారు, సముద్రం" అని అడ్రసు. మొత్తం పదకొండు. అన్నిటికీ ముద్ర వేశాను. బట్వాడా కాని ఉత్తరాన్ని వెనక్కి పంపాలని రూలు. నా ఉద్యోగంలో నేను తప్పిన రూలు అదొక్కటే, అవి ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉన్నాయి.

వాళ్ళ పేర్లు మళ్ళీ రాసెయ్. ఒక్క గీత కొట్టావు, ఒక్క గీత వెనక్కి తియ్యి. అంత కష్టమేటి?

నెత్తళ్ళు పంపుతున్నాను. కోపం వేరు, నెత్తళ్ళు వేరు.

పిన్ని


విశాఖపట్నం,
10 మార్చి 2025

పిన్నీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మా ఆఫీసులో ఒక హద్దు ఉంది. 375 మంది దాటితే దాన్ని 2047 మ్యాపులో ఊరుగా చూపిస్తాం. అంతకు తగ్గితే చూపించం, ఆ జనాన్ని దగ్గర్లో కొత్తగా కట్టే కాలనీ లెక్కలో కలిపేస్తాం. 388 అయితే గవ్వలపేట ఉండేది. 357కి ఉండలేదు. నేను పేర్లు తీసిన రోజు ఈ హద్దు సంగతి నాకు తట్టలేదు పిన్నీ, ఒట్టు.

జగన్నాధం సార్ దగ్గరికి వెళ్ళి ఆ ముప్పై ఒక్కరినీ తిరిగి కలపమని అడిగాను. "పోయినవాళ్ళతో ఊరు నిలబెడతామా అమ్మా?" అన్నారు. తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చేశాను. సముద్రంలో ఉన్నవాళ్ళకి కుళాయి కనెక్షన్ ఇవ్వలేం కదా, నువ్వే చెప్పు.

మొదటి దశలో మూడు నెలలకి ఒక అంకె చొప్పున ఊరి జనాభా తగ్గుతున్నట్టు షీటు తయారు చేయమన్నారు. చేశాను. 2026 జనవరి గడిలో సున్నా. ఎవరినీ తరమరు పిన్నీ. పోలీసులు రారు, ఇళ్ళు పడగొట్టరు. కాలనీలో ఇళ్ళు బాగుంటాయి, తాళం చెవి చేతికిస్తారు. ఇది అంచనా మాత్రమే. అంచనాలు తప్పుతూనే ఉంటాయి, సగం ఊళ్ళ విషయంలో మావి తప్పాయి కూడా.

నన్ను క్షమించు అనడానికి కూడా సిగ్గుగా ఉంది.

అనూ


గవ్వలపేట,
4 ఏప్రిల్ 2025

అనూ,

ముందు నువ్వు అన్న మాట గురించి. సముద్రంలో ఉన్నవాళ్ళు ఎవరూ కుళాయి అడగలేదు. గడి అడిగారు. సరే, ఆ గొడవ ఇంక ఎత్తను.

ఎవరినీ తరమరని రాశావు. నిజమే, ఎవరూ రాలేదు. రావలసినవి రావడం మానేశాయి, అంతే. సంత పక్క ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే లైన్‌మన్ వచ్చి చూసి, "కొత్తది ఎయ్యరమ్మా. వచ్చే ఏడు ఇక్కడ జనం ఉండరని కాయితంలో ఉన్నాదట" అన్నాడు. బడి పంతులమ్మని బదిలీ చేసి వేరే మనిషిని వెయ్యలేదు. పైపు కోసం తవ్విన గొయ్యిని వాళ్ళే వచ్చి పూడ్చేశారు. ఉండరని రాసుకున్నారు కాబట్టి ఏదీ ఇవ్వరు, ఇవ్వరు కాబట్టి వీళ్ళు ఉండరు. ఏ తెలివిగలవాడు కనిపెట్టాడే ఈ పద్ధతి?

తులసి వాళ్ళు, ఇంకో మూడు ఇళ్ళవాళ్ళు పిల్లల చదువుకని కాలనీకి వెళ్ళిపోయారు. పదహారు మంది. అడ్రసు మార్పు కాగితాలు నేనే నింపాను కాబట్టి సరిగ్గా తెలుసు. ఏప్రిల్ ఒకటికి ఒడ్డు మీద 341. వేటలో ముప్పై ఒక్కరు.

తులసి వెళుతూ వాళ్ళ మామగారి చెంబు నా చేతికిచ్చింది. "ఇది అక్కడికి అట్టుకెళ్తే ఆయనకి దారి తెలీదు పిన్నీ. ఆయనకి ఈ గుమ్మమే తెలుసు" అంది. రోజూ నింపుతానని మాట ఇచ్చాను.

పిన్ని


విశాఖపట్నం,
16 ఏప్రిల్ 2025

పిన్నీ,

341 అని నీకెవరు చెప్పారు? మా ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చారా? నిజం చెప్పు. నేను నీకు సున్నా ఒక్కటే చెప్పాను, మధ్యలో అంకెలు రాయలేదు. నా షీటులో ఏప్రిల్ గడిలో ఉన్నది 341.

సార్‌కి చూపిస్తే నవ్వారు. "మంచి అంచనా అంటే అదే. మనం జోస్యం చెప్పం అనూరాధా, దారి వేస్తాం. జనం దారిన నడుస్తారు" అన్నారు. దారి వేస్తే వెళ్తారు, నిజమే. కానీ ఒక్క మనిషి తేడా లేకుండానా?

నన్ను బెదిరించడానికి నువ్వు అంకె సర్దావేమో అని కూడా అనుకున్నాను. అనుకున్నందుకు తిట్టు. నీకు ఆ గుణం లేదని తెలుసు.

ఇప్పుడు ఒక సంగతి చెబుతున్నాను, ఇది నాకు ధైర్యం ఇస్తోంది. జులై గడిలో 298 రావాలి. నేను పొరపాటున 289 కొట్టాను. ఫైలు సంతకాలకి వెళ్ళిపోయాక చూసుకున్నాను. ఆ తొమ్మిది మంది తేడాకి ఏ కారణమూ లేదు, అది నా వేలు చేసిన తప్పు. కాబట్టి జులైలో మన ఊళ్ళో 289 ఉండడానికి వీల్లేదు. ఆ రోజు నువ్వు లెక్కపెట్టి రాయి. 298 అని రాస్తావు. నేను ఒక కిలో స్వీట్లు కొని ఆఫీసులో పంచుతాను.

భయపడుతున్న నీ అనూ


గవ్వలపేట,
2 జులై 2025

అనూ,

స్వీట్లు కొనకు.

జూన్ ముప్పై మధ్యాహ్నం వరకు ఒడ్డు మీద 298 మంది. నేను రెండుసార్లు లెక్కపెట్టి, నీకు ఉత్తరం రాసి, కవరు కూడా అంటించాను. ఎంత సంతోషపడ్డానో. సంచి కడుతుంటే మూడు గంటలకి ఎల్లాజీ తాత ఇంట్లోవాళ్ళు వరసగా నా కిటికీ ముందు నుంచి నడిచి వెళ్ళారు. తాత, కొడుకులు, కోడళ్ళు, మనవలు. తొమ్మిది మంది. "నా శవాన్నే ఇక్కణ్ణుంచి లేపాల" అని మే నెలలో వచ్చిన కలెక్టరు మనుషుల ముందు తొడగొట్టినవాడు అతను. చేతిలో ఒక్క సంచి లేదు. వెనక్కి పిలిచాను. ఆగకుండా నడిచి వెళ్ళిపోయారు.

వాళ్ళింటికి వెళ్ళి చూస్తే పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. నేనే దించాను. సగం అల్లిన వల, దాంట్లో దూర్చిన కర్ర అలాగే ఉన్నాయి.

మర్నాడు కాలనీకి వెళ్ళి అడిగాను. తాత తన కొత్త ఇంటి గట్టు మీద కూర్చుని చేతులకేసి చూసుకుంటున్నాడు. "ఏమో ధనాలూ. ఎల్లిపోవాలనిపించినాది. ఎవులో లెక్కెట్టి మమ్మల్ని పక్కకి నెట్టినట్టు అనిపించినాది. అంతే" అన్నాడు. ఆ మాట విని వచ్చిన దారినే తిరిగి వచ్చేశాను.

ఎవరి వేలు అని నేను వాళ్ళకి చెప్పలేదు. నీకు మాత్రం చెబుతున్నాను, ఆ షీటు జోలికి మళ్ళీ వెళ్ళకు.

ఇప్పుడు పద్దెనిమిది చెంబులు నావే.

పిన్ని


విశాఖపట్నం,
19 అక్టోబరు 2025

పిన్నీ,

అక్టోబరుకి 140 అని రాశావు. నా గడిలోనూ 140. ఇక నేను ఆశ్చర్యపోవడం మానేశాను.

నువ్వు వద్దన్న పని చేశాను. నన్ను నేను ఆపుకోలేకపోయాను. జనవరి గడిలో సున్నా ఉంది. సున్నా అంటే అందరూ కాలనీకి వెళ్ళారని మేము అనుకుంటాం. షీటుకి ఆ తేడా తెలియదు పిన్నీ. కాలనీకి వెళ్ళినా సున్నానే, ఇంకెక్కడికి వెళ్ళినా సున్నానే. చివరిదాకా ఊళ్ళో ఉండేది నువ్వేనని నాకు తెలుసు. కరెంటు పోయినా, నీళ్ళు రాకపోయినా, ఆ చెంబుల కోసం ఉంటావు. మరి నిన్ను ఆ సున్నా ఎలా చేస్తుంది?

ఆదివారం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఫైలు తెరిచి, సున్నా తీసేసి 1 కొట్టాను. ఆ ఒకటి నువ్వే. నీకేమీ కాకూడదని కొట్టాను. సార్ చూస్తే నా ఉద్యోగం పోతుంది, పోనీ.

తప్పు చేశానేమో తెలియదు. పూర్తిగా ఊరికే కూర్చోవడం నావల్ల కాలేదు.

నీ అనూ


గవ్వలపేట,
26 ఫిబ్రవరి 2026

అనూ,

ఆలస్యంగా రాస్తున్నాను, కంగారు పడి ఉంటావు. సంక్రాంతికి ముందే చివరి ఇళ్ళూ ఖాళీ అయ్యాయి. టవరు పెట్టెలు విప్పి పట్టుకుపోయారు, అందుకే నీ ఫోన్లు మోగలేదు. ఆఫీసు కాలనీకి మార్చే ఆర్డరు ఇంకా రాలేదని రోజూ కిటికీ తెరుస్తున్నాను. ఎర్రన్న మోపెడ్ మీద టపా సంచి తెస్తాడు, ఇచ్చేసి ఇంజను ఆపకుండానే తిరిగి వెళ్ళిపోతాడు.

నేనూ వెళ్ళిపోదామనుకున్నాను. పంతం పట్టి కూర్చోలేదు, నిజంగా బయలుదేరాను. మొదటిసారి ఆటో ఊరి చివర ఆగిపోయింది. డ్రైవరు గంటసేపు తన్నినా కదల్లేదు. నేను దిగి ఇంటివైపు నాలుగడుగులు వేశానో లేదో దానంతట అదే స్టార్ట్ అయింది. రెండోసారి నడిచి వెళ్ళి బస్సు ఎక్కాను. టిక్కెట్టు తీసుకోబోతే చేతిలో ఆఫీసు ముద్ర లేదు. అది పోతే నా ఉద్యోగమే పోతుంది కదా, పరుగున వచ్చాను. బల్ల మీదే ఉంది. మూడోసారి ముద్ర సంచిలో వేసుకుని మరీ బయలుదేరాను. గుమ్మం దాటేసరికి కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టలేదు. వెనక్కి వచ్చి కూర్చుంటే అరగంటలో తగ్గిపోయింది.

నీ అక్టోబరు ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఒకటి అని కొట్టావు కదూ. ప్రేమతోనే కొట్టావు. అయినా కట్టేసినట్టు ఉందే అమ్మలూ.

ఒంటరిగా ఉందని బెంగపడకు. ముప్పై ఒక్క గుమ్మాలు తిరిగి చెంబులు నింపేసరికి సాయంత్రం గడిచిపోతుంది. వారం నుంచి పొద్దున్న వెళ్ళి చూస్తే చెంబులు ఖాళీగా ఉంటున్నాయి. కుక్కలు తాగుతున్నాయనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, కుక్కలన్నీ డిసెంబరులోనే జనం వెనకాల వెళ్ళిపోయాయి.

పిన్ని


విశాఖపట్నం,
9 మార్చి 2026, సోమవారం

పిన్నీ,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను.

నిన్ను అక్కడ కట్టేసింది నేనే. మళ్ళీ సున్నా కొట్టడానికి నాకు ధైర్యం లేదు, నిన్ను ఏ దారిన తీసుకెళ్తుందో తెలియదు కాబట్టి. అందుకని ఆలోచించి ఒక పని చేశాను. ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకి ఆ గడిలో ఒకటి తీసేసి 2 కొట్టాను. రెండో మనిషిని నేను. శనివారం పొద్దున్న బస్సులో వస్తున్నాను, కంప్యూటరు తెస్తాను. ఇద్దరం ఒకచోట కూర్చున్నాక దాన్ని తిరిగి ఒకటికి దించుతాను. నువ్వు వెళ్ళిపో. ఆ మిగిలే ఒకటి నేనవుతాను. తర్వాత సంగతి తర్వాత చూసుకుంటాను.

నాన్నని తీసేసింది నేను, ఊరిని తీసేసింది నేను. ఆ గడిలో ఉండవలసింది కూడా నేనే. వాదించకు, దీనికి జవాబు రాయడానికి నీకు టైము కూడా లేదు.

రెండు కిలోల బియ్యం, కొవ్వొత్తులు తెస్తున్నాను. ఇంకేమైనా కావాలా?

నీ అనూ


గవ్వలపేట,
11 మార్చి 2026

అమ్మలూ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఎర్రన్నని గుమ్మం దగ్గర ఆపి జవాబు రాస్తున్నాను. శుక్రవారానికి నీకు చేరాలి, కాబట్టి క్లుప్తంగా చెబుతాను.

రెండో మనిషి వచ్చేశాడు.

సోమవారం నాలుగు గంటలకి, నువ్వు ఆ అంకె కొట్టిన వేళకే, నేను సంచి కట్టి లక్క కరిగిస్తున్నాను. కిటికీ ముందు ఎవరో నిలబడ్డారు. "ఏటే పిల్లా, నాకేటైనా ఉత్తరాలొచ్చినాయా?" అన్నాడు. నన్ను పిల్లా అని పిలిచేది మీ నాన్న ఒక్కడే. తలెత్తాను. వెళ్ళిన రోజు కట్టుకున్న గళ్ళ లుంగీ, అదే మీసం. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి వెళ్ళాడు, ముప్పై ఒక్క ఏళ్ళ మనిషే వచ్చాడు. ఇప్పుడు నీకంటే రెండేళ్ళు చిన్నవాడు.

నాకు భయం వేసింది, దాచుకోను. అయినా ఇన్నేళ్ళూ నా లెక్కలో ఉంచుకున్న మనిషిని కాదని ఎలా అంటాను? సొరుగు తీసి పదకొండు కార్డులూ ఇచ్చాను. సంతకం అడిగితే వేలిముద్ర వేశాడు, ఆ కాగితం ఇంకా ఆరలేదు. గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటీ చదివించుకున్నాడు. "సిన్నమ్మి ఎంత పెద్దదయినాది?" అని అడిగాడు. నువ్వు మ్యాపులు గీస్తావని చెప్పాను. మా అందరికీ చోటు నిర్ణయించేది నువ్వేనని చెప్పాను.

అతను వచ్చాక నా కాళ్ళు తేలికపడ్డాయి. ఊరి చివరి దాకా నడిచి చూశాను, ఏదీ ఆపలేదు. వెళ్ళాలనుకుంటే ఇప్పుడు వెళ్ళగలను. కానీ వెళితే ఇక్కడ ఒకరే మిగులుతారు, నీ గడి తప్పుతుంది, దాన్ని నింపడానికి నువ్వు వస్తావు. అందుకని ఉన్నాను.

అసలు విషయం ఇది. మీ నాన్న ఒక్కడే పైకి రాగలిగాడు. రెండు అన్నావు కదా, నేను పోగా చోటు ఒక్కరికే ఉంది. మిగతా ముప్పైమంది రేవు దగ్గర మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. నిన్న పొద్దున్నా, సాయంత్రమూ వెళ్ళి చూశాను. తులసి మామగారిని గుర్తుపట్టాను. అల వచ్చినా కదలరు. ఇళ్ళకేసి చూస్తూ ఉంటారు. "ఆళ్ళని కూడా రమ్మని సెప్పు పిల్లా, సలేస్తన్నాది ఆళ్ళకి" అని మీ నాన్న రెండుసార్లు అడిగాడు. అది నా చేతిలో లేదని చెప్పాను.

గడిలో రెండు ఉండగానే శనివారం నువ్వు వస్తే ముగ్గురమవుతాం. ఎవరో ఒకరు వెళ్ళాలి. మీ నాన్నే వెళతానంటున్నాడు. వచ్చిన మనిషిని మళ్ళీ నీళ్ళలోకి పంపించకు అనూ, ఒకసారి తీసేశావు, చాలు.

బస్సు ఎక్కేముందు ఆ గడిలో రెండు తీసేసి ముప్పై మూడు కొట్టు. ముప్పై ఒక్కరు, నేను, నువ్వు. రెండుసార్లు సరిచూసుకో, నీ వేలు మళ్ళీ తప్పు కొట్టనివ్వకు.

బియ్యం రెండు కిలోలు చాలవు. చెంబులన్నీ నింపి ఉంచాను. 47 గుమ్మం దగ్గర మీ నాన్న చెంబు పక్కన నీకూ ఒకటి పెట్టాను.

పిన్ని